కొత్త ఆఫీసు ల్యాప్‌టాప్ వచ్చిందా? మొదటి పది రోజులు ఇలా పరీక్షించండి

ఆఫీసు పనికి ల్యాప్‌టాప్ కొన్నవాళ్లని ఆరు నెలల తర్వాత "ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉందండీ" అంటారు. అదే మనిషిని రెండో రోజు అడిగి ఉంటే స్క్రీన్‌లో ట్యూబ్‌లైట్ కనపడుతోందనీ, ఎంటర్ కొట్టబోతే పక్క మీట పడుతోందనీ, ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలుతోందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఆ ఇబ్బందులు ఎక్కడికీ పోలేదు. ఆరు నెలల్లో మన కన్నూ చెయ్యీ వాటికి సర్దుకుపోయాయి. అందుకే మొదట్లో అనిపించినవి అనిపించినట్టే కాగితం మీద పెట్టాలి. అదీ వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే.

విజయవాడలో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. కొన్నేళ్ల కిందట ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. 20వ తేదీలోపు జీఎస్టీ రిటర్నులు వేయాలన్న టెన్షన్‌లో డబ్బా విప్పకుండా బీరువా మీద పెట్టేశాను. మూడు వారాలకి తెరిస్తే, మూత కాస్త కదిపినప్పుడల్లా స్క్రీన్ అడుగున సన్నటి గీతలు వచ్చాయి. అమ్మినవాళ్లు ఇచ్చిన మార్పిడి గడువు పది రోజులు. అది దాటిపోయింది. వారంటీలో బాగుచేశారు కానీ కొత్త వస్తువుని నా కళ్లముందే మూడుసార్లు విప్పారు. చాలా బాధేసింది. అప్పటి నుంచి కొత్త మెషీన్ రాగానే ఒక తెల్ల కాగితం తీసి, పది రోజులు దాని మీద రాస్తూ వస్తున్నాను. ఆ పద్ధతే మీకు చెబుతున్నాను. నా చేతిలో ఎక్కువగా నలిగింది లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్ కాబట్టి ఉదాహరణలు దానివే ఎక్కువ వస్తాయి. డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటి వాటికీ ఇదే వరస.

డబ్బా విప్పేటప్పుడు

సీల్ కోసే ముందు ఫోన్‌లో వీడియో మొదలుపెట్టండి. మెషీన్ ఆన్ అయి మొదటి స్క్రీన్ వచ్చేదాకా మధ్యలో ఆపొద్దు. మూత మీద గీత ఉన్నా, మూల నొక్కుకుపోయి ఉన్నా, తర్వాత మీరు చెప్పే మాటకి ఆ వీడియోనే ఆధారం.

డబ్బా మీద లేబుల్ చదవండి. మన దేశంలో అమ్మడానికి వచ్చిన సరుకైతే ఎమ్మార్పీ, తయారైన లేదా దిగుమతి అయిన నెల, కంపెనీ చిరునామా ఉంటాయి. ల్యాప్‌టాప్ అడుగున, అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఇవి లేకపోతే అది బయటి దేశం కోసం చేసిన సరుకు అయ్యుండొచ్చు. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెచ్చిన ల్యాప్‌టాప్‌కి ఇవి లేకపోవడం మామూలే. దాని ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి కరెంటుతో ఇబ్బంది లేదు, ప్లగ్గు మార్చుకుంటే చాలు. అయితే దాని వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి.

తర్వాత మోడల్ కోడ్. ఇక్కడే చాలామంది మోసపోతారు. థింక్‌ప్యాడ్ టీ14 అనేది ఒక పేరే కానీ, ఆ పేరు కింద ఎన్నో రకాలు ఉంటాయి. ఒకే పేరు, ఒకే ప్రాసెసర్, పక్కపక్కన పెడితే ఒకేలా కనపడే రెండు మెషీన్లలో ఒకదానికి 300 నిట్స్ (స్క్రీన్ వెలుతురుకి కొలత) మామూలు స్క్రీన్ ఉండొచ్చు, ఇంకోదానికి 400 నిట్స్ మంచి రంగుల స్క్రీన్ ఉండొచ్చు. వెనక లేబుల్ మీద అక్షరాలు, అంకెలు కలిసి పది ఉండే కోడ్ ఒకటి ఉంటుంది. ఆ కోడ్‌ని లెనోవో వాళ్ల పీఎస్‌రెఫ్ అనే సైట్‌లో కొడితే మీ మెషీన్‌లో ఏం ఉండాలో మొత్తం వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి మీ కాగితానికి పిన్ను కొట్టండి. కొటేషన్‌లో చూపించింది ఒకటి, ఇంటికి వచ్చింది ఇంకోటి అయితే ఈ రోజే తెలిసిపోతుంది.

సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వారంటీ కూడా చూడండి. ఎప్పటి నుంచి మొదలైంది, ఎన్నాళ్లు ఉంది, మనిషి మన దగ్గరికి వస్తాడా లేక మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా అన్నవి అక్కడ ఉంటాయి. మీరు కొన్న తేదీ కంటే ముందే వారంటీ మొదలైనట్టు చూపిస్తే, బిల్లు పంపి తేదీ సరిచేయించుకోండి. మెషీన్‌కి మూడేళ్లున్నా బ్యాటరీకి ఒక్క ఏడాదే వారంటీ ఉండటం చాలా కంపెనీల్లో మామూలు. అది కాగితం మీద విడిగా రాసుకోండి.

వ్యాపారం పేరు మీద కొంటున్నవాళ్లు బిల్లులో మీ జీఎస్టీ నంబర్ పడిందో లేదో అదే రోజు చూసుకోవాలి. ల్యాప్‌టాప్ మీద 18 శాతం పన్ను ఉంది. 80,000 ధరకి 14,400 రూపాయలు, చిన్న మొత్తమేం కాదు. నంబర్ లేని బిల్లుతో ఆ పన్నుని మనం కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకోవడం, అంటే క్రెడిట్ తీసుకోవడం కష్టం. క్రెడిట్ తీసుకున్నాక ఆ పన్ను భాగం మీద మళ్లీ తరుగుదల చూపించకూడదు.

మొదటి సాయంత్రం తీర్పు వద్దు

కొత్త మెషీన్ మొదటి రోజు వేడెక్కుతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మూడు గంటలకే అయిపోతుంది. దీన్ని చూసి "పనికిరాని సరుకు అంటగట్టారు" అని కంగారు పడొద్దు. లోపల విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫైళ్ల సూచిక తయారవుతుంటుంది, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అవుతుంటుంది, అంటే లోపలి ఫైళ్లకి తాళం పడుతుంటుంది. ఆ పనులన్నీ అయ్యేదాకా వేడి గురించీ బ్యాటరీ గురించీ కాగితం మీద ఏమీ రాయకండి.

ఛార్జర్ పెట్టి, ముందు విండోస్ అప్‌డేట్లన్నీ వేయండి. రీస్టార్ట్ చేయండి, మళ్లీ చూడండి. ఇంకేమీ లేదని చెప్పేదాకా రెండు మూడుసార్లు ఇలాగే. తర్వాత కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో బయాస్ (విండోస్ కంటే ముందే లేచి మెషీన్‌ని సిద్ధం చేసే లోపలి ప్రోగ్రామ్), ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్రమాదం. అందుకే బ్యాటరీ సగానికి పైన ఉండి, ఛార్జర్ కూడా పెట్టి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మీకు అక్కర్లేని ట్రయల్ యాంటీవైరస్‌లు, ఆటలు ఉంటే తీసేయండి.

ఈ సాయంత్రం తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డిస్క్ తనంతట తానే లాక్ అవుతుంది. దాని రికవరీ కీ 48 అంకెలు. మీ అకౌంట్‌లోకి వెళ్లి ఆ అంకెలు ప్రింట్ తీసి బిల్లుతోపాటు భద్రం చేయండి. బయాస్ అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు మార్చాకో మెషీన్ ఆ కీ అడుగుతుంది. అప్పుడు అది లేకపోతే లోపలున్న లెక్కలు పోయినట్టే. ఆఫీసులో ఎవరో కుర్రాడి మెయిల్‌తో లాగిన్ చేయించి, అతను మానేశాక ఆ కీ కోసం వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి. మొదటి నుంచీ ఆఫీసు అకౌంటే వాడండి.

బయాస్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ సరదాకి పెట్టొద్దు. థింక్‌ప్యాడ్‌లో అది మర్చిపోతే కంపెనీ చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడం ఒక్కటే. పెట్టక తప్పదంటే రాసి బీరువాలో దాచండి.

రెండో రోజు: లోపల ఉన్నది చెప్పిందేనా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ చూడండి. ఎంత ర్యామ్ ఉంది, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయి అన్నది అక్కడ ఉంటుంది. రెండు స్లాట్లున్న మెషీన్‌లో 16 జీబీ ఒకే కర్రగా (ర్యామ్ స్టిక్) పెట్టి ఉంటే గ్రాఫిక్స్ పని కొంత నెమ్మదిస్తుంది. ఇంకో కర్ర కొని పెట్టుకోవచ్చు కాబట్టి అదేం లోపం కాదు. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. మీకు 16 చాలదనిపిస్తే ఈ గడువులోనే మార్చుకోవాలి.

ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కొత్తదైతే కొద్ది గంటలే ఉంటాయి. వందల్లో కనిపిస్తే ఆ మెషీన్‌ని మీకంటే ముందు ఎవరో వాడారని అనుమానించాలి.

బ్యాటరీ సంగతి విండోసే చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో పవర్ అనే మాట, దానికి ఆనుకుని సి, ఎఫ్, జి అక్షరాలు, తర్వాత ఒక స్పేస్, ఒక స్లాష్, స్లాష్‌కి ఆనుకుని బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక రిపోర్టు ఫైల్ తయారై, ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనపడతాయి. కొత్త బ్యాటరీలో ఇవి దాదాపు సమానంగా ఉండాలి, ఒక్కోసారి రెండోదే కాస్త ఎక్కువ ఉంటుంది. సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందన్న లెక్క, కూడా చూడండి. ఈ పేజీని దాచుకోండి, ఏడాది తిరక్కముందే బ్యాటరీ పడిపోతే క్లెయిమ్‌కి ఉపయోగపడుతుంది.

స్క్రీన్‌ని రాత్రి ఒకసారి, పగలు ఒకసారి చూడండి

రాత్రి లైట్లన్నీ ఆర్పి స్క్రీన్ నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టండి. పవర్‌పాయింట్‌లో ఐదు స్లైడ్లకి ఐదు రంగులు నింపితే సరిపోతుంది. ఒక్క చోటే వేరే రంగులో మెరిసే చుక్క గానీ, ఎప్పుడూ నల్లగానే ఉండే చుక్క గానీ ఉంటే రాసుకోండి. ఒకటి రెండు చుక్కలకి వారంటీలో స్క్రీన్ మార్చని కంపెనీలు ఉన్నాయి. అమ్మినవాళ్ల మార్పిడి గడువులో అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ. నలుపు పెట్టినప్పుడు మూలల్లో కాస్త వెలుగు కనపడటం ఐపీఎస్ రకం స్క్రీన్లకి సహజం. ఒక అంచు నుంచి టార్చి కొట్టినట్టు ఉంటే మాత్రం లోపమే.

తెల్లవారాక మీరు రోజూ కూర్చునే కుర్చీలో, అదే వేళకి, కిటికీ తీసి పని చేయండి. షోరూమ్ వెలుతురులో బాగున్న 300 నిట్స్ స్క్రీన్ మన మధ్యాహ్నపు ఎండ పక్కన చాలకపోవచ్చు. బ్రైట్‌నెస్ నూరు శాతం పెట్టినా కళ్లు చికిలించాల్సి వస్తోందంటే అది రోజూ ఉండే ఇబ్బంది, కాగితం మీద రాయండి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఒకే ఫొటోని ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టండి. ఫోన్‌లో ఎర్రగా ఉన్న మందారం ల్యాప్‌టాప్‌లో ఇటుక రంగులో ఉంటే మీకు వచ్చింది రంగులు తక్కువ చూపించే, వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసే చవక స్క్రీన్ అయ్యుండొచ్చు. లెక్కలు రాసుకోవడానికి అది సరిపోతుంది. బట్టల షాపు వాళ్లు చీరల ఫొటోలు ఎడిట్ చేయడానికి మాత్రం దాన్ని నమ్మకూడదు.

ఈమధ్య వచ్చే 14 అంగుళాల ఆఫీసు మోడళ్లలో నిలువు 1200 పిక్సెళ్లు ఉంటోంది. పాత 1080 నుంచి వచ్చినవాళ్లకి ఎక్సెల్‌లో ఐదారు వరుసలు అదనంగా కనపడతాయి. రోజంతా స్క్రోల్ చేసేవాళ్లకి ఇది ఎంత హాయో నేను చెప్పక్కర్లేదు.

కీబోర్డ్‌కి రెండు రోజులు ఇవ్వండి

నా దృష్టిలో ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ప్రాసెసర్ కంటే ముఖ్యమైనది ఇదే. ప్రాసెసర్ ఏడాది పాతదైనా మన పని ఆగదు. మీటలు కుదరకపోతే ప్రతి ఎంట్రీకీ ఆగాల్సి వస్తుంది.

1992లో ఐబీఎం మొదటి థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ 700సీ తెచ్చినప్పుడే మీటల మధ్య ఎర్ర బొడిపె ఉంది. 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వెళ్లినా బొడిపె పోలేదు. చేతులు మీటల మీద నుంచి తీయకుండానే బాణం గుర్తు కదిలించుకోవడం దాని ఉద్దేశం. మొదటి రోజు అది ఎవరికీ నచ్చదు. దాన్ని తోస్తే బాణం ఎక్కడికో పారిపోతుంది. రెండు రోజులు పట్టుదలగా వాడండి, సెట్టింగ్స్‌లో వేగం తగ్గించి చూడండి. వేలు తీసేశాక కూడా బాణం దానంతట అదే జరుగుతుంటే బెంబేలెత్తకండి. కొన్ని క్షణాలు ముట్టుకోకుండా వదిలేస్తే అది సర్దుకుంటుంది. రోజుకి పదిసార్లు అలా అవుతుంటే మాత్రం లోపమే.

పాత థింక్‌ప్యాడ్ వాడి ఉన్నవాళ్లకి మీట నొక్కగానే తేడా తెలుస్తుంది. అప్పట్లో మీట 1.8 మిల్లీమీటర్లు లోపలికి దిగేది. పల్చటి మోడళ్లు వచ్చాక చాలావాటిలో అది 1.5కి తగ్గింది. కాగితం మీద ఆ తేడా గింజంత, వేలికి మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే పరీక్షకి పది వాక్యాలు చాలవు. మీ నిజమైన పని రెండు గంటలు చేయండి. ఎన్ని తప్పులు పడ్డాయి, ఏ మీట దగ్గర పడ్డాయి అన్నది రాసుకోండి.

మన పనికి సంబంధించి ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో తేదీకి ఎఫ్2, పేమెంట్‌కి ఎఫ్5, సేల్స్‌కి ఎఫ్8 నొక్కాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో అవి నొక్కితే సౌండ్ తగ్గుతుంది, వెలుతురు మారుతుంది. థింక్‌ప్యాడ్‌లో, లాటిట్యూడ్‌లో ఎఫ్ఎన్ మీట పట్టుకుని ఎస్కేప్ నొక్కితే పై వరస మామూలు ఎఫ్ మీటలుగా మారుతుంది. ఇది తెలియక మా ఆఫీసులో ఒకమ్మాయి రెండు రోజులు ఎఫ్ఎన్ పట్టుకునే వోచర్లు కొట్టింది.

పాత థింక్‌ప్యాడ్‌లలో ఎడమ మూలన ఎఫ్ఎన్, దాని పక్కన కంట్రోల్ ఉంటాయి. మిగతా చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో మూలన ఉండేది కంట్రోలే కాబట్టి కాపీ, పేస్ట్ చేయబోయిన ప్రతిసారీ తడబడతాం. బయాస్‌లో ఈ రెంటినీ తారుమారు చేసుకునే వీలుంది.

అంకెలు ఎక్కువ కొట్టేవాళ్లకి 14 అంగుళాల మెషీన్‌లో కుడి పక్క నంబర్ ప్యాడ్ ఉండదు. 16 అంగుళాల మోడళ్లలో చాలావాటికి ఉంటుంది కానీ, దానివల్ల అక్షరాల మీటలు ఎడమకి జరిగి, ఒళ్లు కాస్త పక్కకి తిప్పి కూర్చోవాల్సి వస్తుంది. మా ఆఫీసులో చిన్న మెషీన్‌కి విడి నంబర్ ప్యాడ్ తగిలిస్తున్నాం. నాకు అదే నచ్చింది.

తెలుగులో కూడా ఒక పేజీ కొట్టి చూడండి. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టు కొట్టే ఫొనెటిక్ కూడా పెట్టుకోవచ్చు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు రావాలంటే పొల్లు మీట మాటిమాటికీ నొక్కాలి, మహాప్రాణాలకి షిఫ్ట్ పట్టుకోవాలి. షిఫ్ట్ చిన్నదిగా ఉన్న కీబోర్డ్ ఇంగ్లిష్‌లో బాగున్నా తెలుగు దగ్గర చిరాకు పెడుతుంది. అలాగే ఇంగ్లిష్ ఇండియా కీబోర్డ్ ఎంచుకుంటే కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కగానే ₹ గుర్తు పడుతుంది. ఇన్‌వాయిస్‌లు కొట్టేవాళ్లకి అది అవసరం.

మూత ముట్టుకుంటే జుమ్మంటోందా?

ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు లోహపు మూత మీద వేలి వెనక భాగంతో మెల్లగా రుద్దండి. సన్నగా జుమ్మని వణుకులా తగిలితే చాలామంది ల్యాప్‌టాప్‌కి షాక్ వస్తోందని భయపడిపోతారు. అడాప్టర్ లోపల ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు లోహపు భాగం మీదికి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉంటే అది ఎర్త్‌లోకి పోతుంది. ఎర్త్ లేకపోతే మన వేలికి తెలుస్తుంది.

ముందు ప్లగ్గు ఇంకో గదిలో, వీలైతే ఇంకో ఇంట్లో పెట్టి చూడండి. అక్కడ జుమ్మనకపోతే లోపం మీ సాకెట్‌దే. మన పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక వైరు ఉండని సాకెట్లు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. ల్యాప్‌టాప్ మాట అటుంచి, ఆ ఇంట్లో గీజర్‌కీ వాషింగ్ మెషీన్‌కీ కూడా అదే ఎర్త్ ఆధారం. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. ఎర్త్ బాగున్న చోట కూడా చురుక్కుమంటుంటే, లేదా వణుకుతో ఆగకుండా గట్టిగా కొడుతుంటే, వెంటనే తీసేసి మెషీన్, ఛార్జర్ రెండూ వెనక్కి ఇవ్వండి.

టైప్ సి పోర్టులు రెండుంటే రెండింటితోనూ ఛార్జ్ చేసి చూడండి. 65 వాట్ల ఛార్జర్ బదులు ఫోన్ ఛార్జర్ పెడితే నెమ్మదిగా ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు. అది పోర్టు తప్పు కాదు.

వేడి, చప్పుడు

చాలా ఆఫీసు ల్యాప్‌టాప్‌ల వివరాల్లో, పని చేయదగిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు అని ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయట 40 దాటుతుంది, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 35 దాటడం మామూలే. చల్లటి ఊళ్లో కూర్చుని "అసలు వేడెక్కడం లేదు" అని ఎవరైనా చెబితే ఆ మాట మనకి సగమే పనికొస్తుంది. మీ గదిలో మీరే చూడాలి.

అప్‌డేట్లు అన్నీ అయిన మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం ఒక గంట ఏసీ వేసి, ఒక గంట ఆపి పని చేయండి. ఎక్సెల్, బ్రౌజర్‌లో పది పేజీలు, ఒక వీడియో కాల్ అన్నీ ఒకేసారి నడవాలి. అరచేతులు ఆనే చోట వేడి తెలియకూడదు. పై వరస మీటలకీ హింజ్‌కీ మధ్య వెచ్చగా ఉండటం సహజం, వేలు ఆన్చలేనంత ఉండకూడదు. గాలి అడుగు నుంచే లోపలికి వెళ్తుంది కాబట్టి పరుపు మీద, దిండు మీద పెట్టి పరీక్ష చేయొద్దు. ఫ్యాన్ తిరిగినా ఆ చప్పుడు గాలి చప్పుడులా ఉండాలి. గరగరమని ఏదో రాసుకుంటున్నట్టు వస్తే లోపం. విండోస్ పవర్ మోడ్‌లో బ్యాలెన్స్‌డ్ పెడితే ఆఫీసు పనికి చాలు, మెషీన్ చల్లగా ఉంటుంది.

రాత్రి ఇల్లు సద్దుమణిగాక, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి, కీబోర్డ్ దగ్గర చెవి పెట్టండి. కొన్ని మెషీన్లలో లోపలి కాయిల్స్ నుంచి సన్నగా కీచుమనే శబ్దం వస్తుంది, స్క్రోల్ చేసినప్పుడు మారుతుంది. పని దెబ్బతినదు. కానీ ఒకసారి చెవిన పడితే ఇక మర్చిపోలేం. సర్వీస్‌లో దీన్ని లోపంగా ఒప్పించడం కష్టం కాబట్టి, మీకు పడకపోతే ఈ గడువులోనే మార్చుకోండి.

బ్యాటరీ, నిద్ర

ఐదో రోజు నుంచి బ్యాటరీ చూడండి. నూరు శాతం ఛార్జ్ చేసి, మామూలు వెలుతురుతో మామూలు పని చేస్తూ ఎన్ని గంటలకి ఇరవైకి దిగిందో రాయండి. ఇలా రెండు రోజులు. డబ్బా మీద రాసిన గంటలు తక్కువ వెలుతురులో వీడియో నడిపి కొలిచినవై ఉంటాయి, వాటితో పోల్చుకుని దిగులు పడొద్దు. మీ పని దినం గడుస్తుందా, కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న రిటర్ను పూర్తవుతుందా అన్నదే కొలత.

చాలామంది చూడని పరీక్ష రాత్రిది. పడుకునే ముందు శాతం రాసుకుని, ఛార్జర్ తీసి, మూత మూసి వదిలేయండి. పొద్దున మళ్లీ చూడండి. నాలుగైదు శాతం తగ్గితే సరే. ఇరవై దాకా పోయిందంటే మెషీన్ సరిగ్గా నిద్రపోవడం లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు ఫోన్‌లా సగం మెలకువతో నిద్రపోతాయి. మెయిల్‌కో అప్‌డేట్‌కో లేచి, సంచిలో మూసి ఉండగానే వేడెక్కుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకి వెళ్లి, మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోయేలా పెట్టండి. తెరవడానికి కొద్ది క్షణాలు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ మాత్రం అలాగే ఉంటుంది.

రోజంతా టేబుల్ మీదే ఛార్జర్‌తో వాడేవాళ్లు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. ఎప్పుడూ నూరు శాతంలో, అదీ వేడిలో ఉంచితే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. లెనోవోలో వాంటేజ్ అనే యాప్‌లో ఈ ఏర్పాటు ఉంది, హెచ్‌పీలో బయాస్‌లో, డెల్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ప్రయాణం ముందు రోజు నూరుకి మార్చుకోండి.

మీటింగ్, వైఫై, మూత

ఇంట్లోవాళ్లకే వీడియో కాల్ చేసి, ఫ్యాన్ తిరుగుతుండగా మీ గొంతు ఎలా వినపడుతోందో అడగండి. వైఫై రౌటర్ పక్కన ఒకసారి, రెండు గోడల అవతల ఒకసారి చూసి మీ ఫోన్ వేగంతో పోల్చండి. వేలిముద్ర పదిసార్లు పెడితే తొమ్మిదిసార్లు తీసుకోవాలి. ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి తీయండి, ప్రొజెక్టర్ కేబుల్ కూడా. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు స్క్రీన్ మీద ఏ గీతా రాకూడదు. నా పాత అనుభవం వల్ల నేను దీన్ని రోజుకోసారి చేస్తాను.

డబ్బా మీద మిలిటరీ ప్రమాణం 810 అని ఉందని కింద పడేసి చూడకండి. అందులో ఏ పరీక్షలు చేయించాలో కంపెనీయే ఎంచుకుంటుంది. పడి పగిలితే మామూలు వారంటీ రాదు, ప్రమాదాలకి విడిగా ప్లాన్ కొనాలి.

ఎనిమిదో రోజు కాగితం ముందు పెట్టుకోండి

గడువు పది రోజులైతే ఎనిమిదో రోజు కూర్చోవాలి. ఏడు రోజులే అయితే పైవన్నీ కాస్త ముందుకి జరిపి ఐదో రోజు. రాసినవాటిలో మెషీన్ లోపాలకి ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. స్క్రీన్ మీద చుక్క, ఫ్యాన్ గరగర, తేడా వచ్చిన మోడల్ కోడ్ లాంటివి. ఒక్క ఎర్ర గీత ఉన్నా ఆ రోజే ఫోన్ చేసి, మెయిల్ కూడా పంపండి. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అని ఎవరు చెప్పినా ఆగొద్దు. మెయిల్‌కి ఫొటో, వీడియో జత చేయండి.

లోపం కాదు కానీ మీకు కుదరనివి మిగులుతాయి. స్క్రీన్ వెలుతురు చాలకపోవడం, మీటలు పల్చగా ఉండటం లాంటివి. వాటిలో విడి కీబోర్డ్, విడి స్క్రీన్, ఒక సెట్టింగ్ మార్పుతో తీరేవి ఎన్నో లెక్కపెట్టండి. తీరనిది ఒక్కటే అయినా, రోజుకి ఎనిమిది గంటలు దానితోనే ఉండాలంటే వెనక్కి ఇచ్చేయడమే నా సలహా. విప్పిన మెషీన్‌ని నచ్చలేదన్న కారణంతో తీసుకోని చోట, అదే ధరలో ఇంకో మోడల్‌కి మారుస్తారేమో అడగండి. అందుకే ఈ పది రోజులూ డబ్బా, లోపలి థర్మకోల్, కవర్లు పారేయకుండా ఉంచాలి.

ఉంచుకోవాలని అనుకున్నాక బిల్లు, వారంటీ పేజీ, బ్యాటరీ రిపోర్టు ఆఫీసు మెయిల్‌కి పంపించుకోండి. అడాప్టర్ మీద తెల్ల స్టిక్కర్ అంటించి, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో రాయండి. ఐదు మెషీన్లున్న ఆఫీసులో ఛార్జర్లు వారం తిరక్కుండానే కలిసిపోతాయి.